వెండి రూపాయి రంగు

కేజీఎఫ్ అంటే అందరికీ బంగారమే. 2018లో సినిమా వచ్చినప్పటి నుంచి బంగారంతో పాటు తుపాకులు కూడా. సెలవులకు ఏ ఊరికి పోయినా "మీ ఇంట్లో ఎంత బంగారం ఉంది?" అని ఆటకు అడిగేవాళ్లు ఒకరైనా ఉంటారు. మా అమ్మ మెడలో ఉన్నదే మా ఇంటి బంగారం. మా ముత్తాత ఛాంపియన్ రీఫ్ గనిలో ముప్పై ఏళ్లకు పైగా పని చేసినాడు. ఆయన ఇంటికి తెచ్చింది బంగారం కాదు, కూలి. ఆ కూలిలో మిగిలించి దాచిన ఏడు వెండి రూపాయలు మా అవ్వ దగ్గర ఉన్నాయి. ఈ సంవత్సరం మా ఇంట్లో ఆ రూపాయల గురించి, సరిగ్గా చెప్పాలంటే వాటి మీద ఉన్న రంగు గురించి, చాలా మాటలు నడిచినాయి. అవే రాస్తున్నాను.

ఏడింటిలో ఒకటి విక్టోరియా రాణిది, 1862 అని ఉంది. ఐదు ఐదో జార్జి రాజువి, 1912కీ 1919కీ మధ్యవి. ఆఖరుది ఆరో జార్జిది, 1940. మొదటి ఆరూ మంచి వెండి. ఒక్కొక్కటి 11.66 గ్రాములు, పన్నెండు వంతుల్లో పదకొండు వంతులు వెండి. 1940కి యుద్ధం వచ్చింది, వెండికి కరువు వచ్చింది. ఆ సంవత్సరం నుంచి రూపాయిలో సగమే వెండి, మిగతాది రాగి, నికెల్, జింకు. 1947లో వెండి పూర్తిగా పోయి నికెల్ రూపాయి వచ్చింది. దాని వెనక పులి బొమ్మ ఉంటుంది. అది మా ఇంట్లో లేదు. అవ్వ దాన్ని రూపాయి అని కూడా ఒప్పుకోదు. "ఇనుప బిళ్ల" అంటుంది.

ఏడింటిలో ఒక రూపాయి దేవుని పెట్టెలో ఉంటుంది. ప్రతి వరలక్ష్మీ వ్రతానికీ అవ్వ దాన్ని చింతపండుతో రుద్ది, విభూతితో తుడిచి, కలశం ముందర పెడుతుంది. మిగతా ఆరూ ముత్తాత పాత పంచె ముక్కలో ముడి వేసి, ట్రంకు పెట్టెలో కంబళి మడతల మధ్య ఉండేవి. నలభై ఏళ్లుగా ఆ ముడి విప్పలేదని అవ్వ చెప్తుంది. పోయిన ఎండాకాలం విప్పినారు. మా అక్కకు నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది, ఫీజుకు దుడ్డు తక్కువైంది. అందుకు.

ముడి విప్పేటప్పటికి అందరమూ చుట్టూ కూర్చొని ఉన్నాము. తెల్లగా ఉంటాయనుకున్నాము. నాలుగు నల్లగా, పొయ్యి మీది గిన్నె అడుగు మాదిరి ఉన్నాయి. రెండు మాత్రం అట్ల లేవు. నడుమ లేత బంగారు రంగు, దాని చుట్టూ నేరేడు పండు రసం మాదిరి ఎర్ర ఊదా, అంచుకు వచ్చేసరికి నీలం. వెలుతురులో తిప్పితే రంగు కదులుతా ఉంది. నాయన "పాడైపోయినాయి" అన్నాడు. అవ్వ చింతపండు నానబెట్టడానికి లేచింది. అక్క ఫోన్‌లో ఏదో చూసి "కడగొద్దు అవ్వా, కడిగితే ధర పోతుందంట" అని చెయ్యి పట్టుకుంది. అక్క ఆ రోజు ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే ఈ వ్యాసమే లేదు.

బంగారం రంగు మారదు, గాలి దాన్ని ఏమీ చేయలేదు. వెండి అట్ల కాదు. మా 10వ తరగతి సైన్స్‌లో లోహాలు, అలోహాల పాఠంలో ఉంది: గాలిలోని గంధకంతో కలిసి వెండి మీద సిల్వర్ సల్ఫైడ్ అనే నల్లటి పొర వస్తుంది. రెండు మార్కుల ప్రశ్న, అందరమూ రాస్తాము. పుస్తకంలో "నలుపు" అనే మాటతో అయిపోయింది. కానీ వెండి ఒక్కసారిగా నల్లబడదు. పొర మొదట వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. అప్పుడు లేత పసుపు. ఇంకొంచెం మందమైతే బంగారు రంగు, ఆ తర్వాత ఎర్ర ఊదా, తర్వాత నీలం. చాలా మందమైనాక నలుపు. వానకు తడిసిన రోడ్డు మీద బండి నుంచి కారిన నూనెలో రంగులు కనబడతాయి కదా, సబ్బు బుడగలో కనబడతాయి కదా, ఇదీ అదే. పొర పైనుంచి తిరిగి వచ్చే వెలుగు, పొర అడుగు నుంచి తిరిగి వచ్చే వెలుగు కలిసి కొన్ని రంగులను మింగేస్తాయి, కొన్నిటిని ఎత్తి చూపిస్తాయి. అంటే నాణెం మీద రంగు పూసినట్టు ఉన్నా అక్కడ రంగు అనే పదార్థమే లేదు.

గంధకం ఎక్కడి నుంచి వచ్చిందని సైన్స్ సార్‌ను అడిగినాను. సార్ ఎదురు ప్రశ్న వేసినారు: "దేంట్లో దాచినారు?" గుడ్డలో, కంబళి మధ్య అన్నాను. సార్ నవ్వినారు. ఉన్నిలో, మన వెంట్రుకలో, గోళ్లలో గంధకం ఉంటుందంట. కాలిన వెంట్రుక కంపు దాని వల్లే. పొయ్యి పొగలో ఉంటుంది. కోడిగుడ్డులో ఉంటుంది. రబ్బరు బ్యాండులో కూడా ఉంటుంది. నలభై ఏళ్లు కంబళి తన గంధకాన్ని కొంచెం కొంచెం ఆ ముడికి ఇస్తా వచ్చింది.

ఇంతవరకూ ఎవరికీ బాధ లేదు. బాధ అంగడిలో మొదలైంది.

నాయన ఆ ఆరు రూపాయలూ పట్టుకొని పాత నాణేలు కొనే ఒక అంగడికి పోయినాడు. ఊరి పేరు, అంగడి పేరు రాయను. ఆయన భూతద్దం పెట్టి చూసి, రంగు ఉన్న రెండింటినీ పక్కకు తీసి, "ఈ రంగు ఎవరు వేసినారు?" అని అడిగినాడంట. నాయనకు ప్రశ్నే అర్థం కాలేదు. "రంగు వేయడమేంది?" అంటే, "ఇట్లాంటివి శానా చూసినాము సార్. రాజు చెంప అరిగిపోయింది, రంగు మాత్రం కొత్తగా ఉంది. రంగు పోసిన దానికి తూకం ధరే" అన్నాడంట. నాయన మాట్లాడకుండా ఆరూ మళ్లీ గుడ్డలో కట్టుకొని వచ్చేసినాడు. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు కూడా ఎవరితోనూ మాట్లాడలేదు. ధర తక్కువ అన్నందుకు కాదు.

మా ఊరి సంగతి తెలియని వాళ్లకు ఇది చెప్పాలి. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ తవ్వడం మొదలుపెట్టింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినాయి. ఆ నూటా ఇరవై ఏళ్లలో ఇక్కడి కూలీ మీద ఎప్పుడూ ఉన్న అనుమానం ఒకటే, బంగారం దొంగిలిస్తాడని. పని ముగించి పైకి వచ్చినవాళ్లను తడిమి చూసేవాళ్లు. మా ముత్తాత పనిలో చేరక ముందు, 1930లో, కూలీలందరి వేలిముద్రలు తీసుకొని నమోదు చేయాలని కంపెనీ పట్టుబడితే గనులన్నీ నిలిచిపోయేటంత సమ్మె జరిగింది. మనిషిని ముందే దొంగ అనుకొని వేలిముద్ర అడిగితే ఎవరికైనా కోపం వస్తుంది. నాయన చెప్పిందంతా విని అవ్వ ఒక్క మాట అన్నది: "గేటు కాడ మా మామను దినామూ తడిమేవాళ్లంట. ఇప్పుడు ఆయన దుడ్డును తడుముతా ఉండారు."

ఆ మాట నన్ను పట్టుకుంది. మాది వేసిన రంగు కాదని మాకు తెలుసు. తెలియనివాళ్లకు చూపించేది ఎట్ల?

ముందు, రంగు వేయడం నిజంగా అయ్యే పనేనా అని చూడాలనిపించింది. నాణేలు ముట్టుకోలేదు. అమ్మను అడిగి తెగిపోయిన వెండి పట్టీ ముక్క తీసుకున్నాను. ముగ్గుపొడితో తోమి మెరిసేటట్టు చేసినాను. ఉడకబెట్టిన కోడిగుడ్డు పచ్చసొన చిదిమి స్టీలు డబ్బాలో ఒక పక్క పెట్టి, పట్టీ ముక్కను తగలకుండా ఇంకో పక్క పెట్టి, మూత బిగించినాను. సాయంత్రం చూస్తే పసుపు. పడుకునే ముందు చూస్తే ఎర్ర ఊదా, అక్కడక్కడా నీలం. తెల్లవారి చూస్తే నల్లబడతా ఉంది. మా తమ్ముడు "కంపు, కంపు" అని ఇల్లంతా పరిగెత్తినాడు. నాకు మాత్రం భయం వేసింది. నలభై ఏళ్లు కంబళి చేసిన పని ఒక కోడిగుడ్డు ఒక్క రాత్రిలో చేసేసింది.

సార్‌కు చూపిస్తే ఆయన చెప్పింది ఇంకా ఇబ్బందిగా ఉంది. రెండూ ఒకటే పదార్థం, రెండూ సిల్వర్ సల్ఫైడే. దాంట్లో అసలు వెండి, నకిలీ వెండి లేవు. అసలు గంధకం, నకిలీ గంధకం లేవు. ఒకటి తనంతట తాను వచ్చింది, ఇంకొకటి మనిషి తెప్పించింది. అంగడి ఆయన అనుమానించడంలో తప్పు లేదని నాకు అప్పుడు తెలిసింది. నాయనతో ఆ మాట అంటే "నువ్వు ఎవరి పక్క?" అన్నాడు.

రంగు వేసే పని మన దగ్గరికన్నా అమెరికాలో పెద్దది. అక్కడ 1878 నుంచి 1921 వరకూ ముద్రించిన మోర్గాన్ డాలర్ అనే పెద్ద వెండి నాణేలు ఉన్నాయి. ప్రభుత్వ ఖజానాలో గుడ్డ సంచికి వెయ్యి చొప్పున మూటలు కట్టి దశాబ్దాల తరబడి ఉంచేసినారు. సంచి గుడ్డకు తగిలిన నాణేలకు ఇంద్రధనుస్సు రంగులు వచ్చినాయి. 1960ల్లో ఆ మూటలు బయటికి వచ్చినాయి. అట్లాంటి రంగు నాణేలకు మామూలు నాణెం కన్నా ఎన్నో రెట్లు ఇచ్చి కొనేవాళ్లు తయారైనారు. ధర పెరిగితే ఊరుకుంటారా? గంధకం పొడి, ఓవెన్ వేడి, రకరకాల మందులు పెట్టి అదే రంగు ఇంట్లో తయారు చేసేవాళ్లూ పుట్టుకొచ్చినారు. నాణేన్ని పరీక్షించి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇచ్చే పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి సంస్థలు 1980ల్లో మొదలైనాయి. రంగు మీద అనుమానం ఉంటే వాళ్లు మామూలు మార్కు వేయకుండా కారణం రాస్తారు. వాళ్లకే కొన్నిసార్లు అనుమానం తప్ప తీర్పు ఉండదన్నమాట.

అయినా గుర్తులు కొన్ని ఉన్నాయి. తనంతట వచ్చిన రంగు ఒక వరసలో ఉంటుంది: పసుపు, బంగారు, ఎరుపు, ఊదా, నీలం. ఒకదాని నుంచి ఇంకొకదానికి మెత్తగా జారుతుంది. తొందరగా వేసిన రంగు వరస తప్పుతుంది, మచ్చలుగా, కారినట్టుగా ఉంటుంది. అక్షరాల పక్కనే, సందుల్లో, గాలి సరిగ్గా ఆడని చోట కొంచెం తెల్లగా మిగిలిపోవడం మంచి గుర్తు. గీతలు పడిన చోట రంగు గీత లోపలికి కూడా దిగి కొట్టొచ్చినట్టు కనబడితే, ముందు రుద్ది తర్వాత రంగు వేసినారని అనుమానం. అరిగిన నాణెం మీద కొత్త ఇంద్రధనుస్సు ఉంటే ఇంకా అనుమానం. అంగడి ఆయన పట్టుకున్నది ఇదే. కానీ మా రూపాయి ముందు పది చేతులు మారి అరిగి, ఆ తర్వాత కూలిగా వచ్చి, ఆ తర్వాత ముడిలో పడింది. అరగడం ముందు, రంగు తర్వాత. అది అబద్ధం కాదు, దాని వరసే అది.

స్కూల్ ల్యాబు భూతద్దం రెండు రోజులకు అడిగి తీసుకున్నాను. ఆదివారం పొద్దున గడప దగ్గర ఎండలో కూర్చొని ఆ రెండు రంగు రూపాయలనూ గంటల తరబడి చూసినాను. ఒకటి 1913, ఒకటి 1918. 1918 రూపాయి రాజు తల వైపు ఒక అంచున తెల్లటి మచ్చ ఉంది, బాదం గింజ ఆకారంలో. అక్కడ రంగు రాలేదు. ముందు అది వేలిముద్ర అనుకున్నాను. 1913 రూపాయి వెనక వైపు తిప్పితే అక్కడ కూడా ఒక బాదం గింజ, అంతే పొడవు, అంతే వెడల్పు. దాని మీద ఇది కొంచెం పక్కకు జరిపి పెట్టి చూసినాను. రెండు గుండ్రటి బిళ్లలు ఒకదాని మీద ఒకటి సగం సగం ఎక్కితే కలిసే చోటు బాదం గింజ ఆకారమే కదా. ఒకదాని అంచు ఇంకొకదాని మీద గీసిన గీతకు సరిగ్గా సరిపోయింది. ముడిలో అవి ఎట్ల పడుకొని ఉండినాయో అట్లే. ఒకదాని నీడ ఇంకొకదాని మీద పడి ఉంది. 1918 రూపాయి వెనక వైపు చూస్తే అడ్డం నిలువుగా సన్నటి గీతలు, పంచె గుడ్డ నేత. గుడ్డను పక్కన పెట్టి చూసినాను. అదే నేత.

అవ్వను పిలిచి చూపించినాను. అవ్వకు భూతద్దంలో సరిగ్గా కనబడలేదు. కానీ రెండు రూపాయలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి తీసి, పెట్టి తీసి చూసింది. "ఇద్దరు పిల్లోళ్లు ఒకే దుప్పట్లో పండుకున్నట్టుండాదే" అన్నది. నాయన అంగడి నుంచి వచ్చినాక ఆ రూపాయలను మొదటిసారి చేతిలోకి తీసుకున్నాడు.

బూదికోట పక్క నుంచి వచ్చే నా స్నేహితురాలి ఇంట్లో ఏనుగు బొమ్మ ఉన్న రాగి కాసు ఉంది. బూదికోట హైదర్ అలీ పుట్టిన ఊరు. ఆయన కొడుకు టిప్పు సుల్తాన్ రాగి నాణేల మీద ఏనుగు ఉంటుంది. అది చూసి వచ్చినాక రాగి సంగతి కూడా తెలిసింది. రాగికి వచ్చే పచ్చటి చిలుము కూడా ఉప్పు, వెనిగర్, అమ్మోనియా పెట్టి కొన్ని దినాల్లో తెప్పించవచ్చు. అందుకే కొత్తగా పోత పోసిన నకిలీ కాసులకు కూడా మూడు వందల ఏళ్ల ముఖం పెట్టేస్తారు. వాళ్ల ఇంటిది మాత్రం పచ్చగా లేదు, ముదురు గోధుమ రంగులో, చెప్పు తోలు మాదిరి ఉంది. వాళ్ల తాత దాన్ని ఎప్పుడూ జేబులోనే పెట్టుకొని తిరిగేవాడంట.

ఇక దేవుని పెట్టెలోని ఏడో రూపాయి. భూతద్దంలో దాన్ని చూస్తే రాజు గడ్డం మీద, నడుమ ఖాళీ చోట, లెక్కలేనన్ని సన్నటి గీతలు. విభూతి గీసినవి. చింతపండు పులుపు మకిలిని కరిగిస్తుంది, విభూతి వెండిని కూడా కొంచెం గీసుకొని పోతుంది. నాణేలు సేకరించేవాళ్ల లెక్కలో కడిగిన నాణెం కూడా రంగు వేసిన దాని మాదిరే, ఒకరు లేని వయసు తెస్తారు, ఒకరు ఉన్న వయసు తీసేస్తారు. అవ్వకు ఇదంతా చెప్పినాను. ఆమె వినింది, విని, "దేవుని ముందర నల్ల దుడ్డు ఎట్ల పెట్టేదే?" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు, వెతకనూ లేదు. ఆ రూపాయి అమ్మడానికి కాదు. ఈ శ్రావణంలో కూడా అవ్వ దాన్ని తోమింది.

కడిగే పని అంత మామూలుది కాదని చెప్పే కథ ఒకటి చదివినాను. మన ఊరి వాళ్లకు బాగా అర్థమయ్యే కథ. శాన్‌ఫోర్డ్ సాల్టస్ అనే అమెరికా ధనవంతుడు పెద్ద నాణేల సేకర్త. 1922లో లండన్‌లో ఒక హోటల్ గదిలో వెండి నాణేలు కడుక్కుంటా కూర్చున్నాడు. ఒక గ్లాసులో తాగేందుకు అల్లం సోడా, ఇంకొక గ్లాసులో నాణేలు కడిగే పొటాషియం సైనైడ్. చెయ్యి తప్పు గ్లాసు మీద పడింది. చనిపోయినాడు. సైనైడ్ వెండిని, బంగారాన్ని కరిగించుకుంటుంది. మన సైనైడ్ దిబ్బలు ఏమిటి? రాయిని పిండి చేసి సైనైడ్ నీళ్లతో అందులోని బంగారాన్ని కరిగించి తీసుకున్నాక మిగిలిన పిండి. గాలి దినాల్లో ఆ దుమ్ము మన ఇళ్లలోకి, కళ్లలోకి వస్తుంది. నాణేలకు అంత తెలుపు ఎందుకో నాకు అర్థం కాలేదు.

నాయన దినామూ మారికుప్పం రైల్లో బెంగళూరు పనికి పోతాడు. జూన్‌లో ఒక సెలవు దినం అక్కనూ నన్నూ తీసుకొని అక్కడ ఒక నాణేల ప్రదర్శనకు పోయినాడు. ఒక ముసలాయన, అంగడి మనిషి కాదు, సేకరించేవాడు, మా నాణేలను చాలాసేపు చూసినారు. నేను రెండు బాదం గింజలనూ కలిపి చూపించినాను. పంచె గుడ్డ కూడా తీసుకొని పోయి ఉన్నాను, అదీ చూపించినాను. ఆయన గుడ్డను కూడా భూతద్దంలో చూసినారు. తర్వాత నాయన వైపు తిరిగి కన్నడలో చెప్పినారు: నేను నమ్ముతాను, కానీ రేపు నేను ఇంకొకరికి అమ్మితే ఈ పాప పక్కన ఉండదు కదా. నల్లటి వాటిలో విక్టోరియా రూపాయినీ ఇంకొకదాన్నీ ఆయనే కొన్నారు, అంగడి ఆయన చెప్పిన దానికన్నా మంచి ధరకు. రంగువి రెండూ అడగనే లేదు. "ఈ జతను విడగొట్టకండి" అని మాత్రం అన్నారు. ఫీజుకు తక్కువైన మిగతాది అమ్మ చీటీ పాడి కట్టినాము. అక్క ఇప్పుడు మొదటి సంవత్సరం.

మిగిలినవి ఇప్పుడు కంబళిలో లేవు. సార్ చెప్పినట్టు ఒక్కొక్క దాన్నీ గంధకం లేని మందపాటి తెల్ల కాగితంలో మడిచి, గాలి చొరబడని డబ్బాలో పెట్టినాము. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు వద్దన్నారు, కొన్ని రకాల ప్లాస్టిక్ నుంచి జిగురు మాదిరి పచ్చటిది దిగి నాణేన్ని తినేస్తుందంట. పట్టుకుంటే అంచు పట్టుకోవాలి, నడుమ వేలు పెట్టకూడదు. మడతల మీద నేనే పేరు రాసినాను: ఏ సంవత్సరం రూపాయి, ఎవరు సంపాదించింది, ఎన్నేళ్లు ఎక్కడ ఉండింది, ఏ దినం ముడి విప్పినాము. పంచె గుడ్డ కూడా అదే డబ్బాలో ఉంది.

పట్టీ ముక్కను పారేయలేదు. నల్లబడినా ఒక కొస ఇంకా నీలంగా, నిజంగా అందంగానే ఉంది, తెలియనివాళ్లు చూస్తే ముత్తాత కాలందే అనుకుంటారు. దాన్ని వేరే అగ్గిపెట్టెలో వేసి, పైన చీటీ అంటించినాను: "కోడిగుడ్డు, ఒక రాత్రి."